బ్రాడీపేట ట్రేడింగ్ హాల్ రివ్యూ: డబ్బులు వస్తున్నా పని మీద మనసు పోయినోళ్ళ కోసం

గుంటూరు బ్రాడీపేటలో షేర్ మార్కెట్లో ఫుల్ టైమ్ ట్రేడర్లకి డెస్కులు నెలవారీ అద్దెకిచ్చే హాల్ ఒకటుందండి, రెండో అంతస్తు, బయట బోర్డు కూడా ఉండదు. పేరూ నంబరూ పెట్టొద్దని ఓనర్ గారు అన్నారు కాబట్టి పెట్టట్లేదు, ఆ ఏరియాలో ట్రేడింగ్ చేసే ఎవర్నడిగినా చూపిస్తారు.

ముందు వసతుల సంగతి చెప్పేస్తా. ఇరవై దాకా డెస్కులు, ఒక్కోదానికి రెండు మానిటర్లు, లాప్‌టాప్ మనదే తెచ్చుకోవాలి. రెండు వేరు వేరు కంపెనీల ఫైబర్ లైన్లు ఉన్నయ్, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకుంటది. ఇన్వర్టర్ తో పాటు జనరేటర్ కూడా ఉంది, మే నెల ఎండల్లో కరెంటు పోయినా ఏసీ ఆగదు. నెలకి 6,500, రెండు నెలల అడ్వాన్స్. ఇక్కడికొచ్చే చాలామందికి ఇంట్లో ఇంతకన్నా మంచి సెటప్ ఉంది, కాబట్టి వసతుల కోసమైతే ఎవరూ రారు.

నా సంగతి కాస్త చెప్తే గానీ ఈ హాల్ నాకెందుకు నచ్చిందో అర్థం కాదు. నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఆప్షన్స్ సెల్లింగ్, అంటే రేటు ఎదుటివాడు అనుకున్న వైపు పోతే డబ్బు కడతానని ముందే ప్రీమియం అనే రుసుము తీసుకోవటం, కొంచెం స్టాక్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే ఒప్పందాలు), చాలా ఏళ్ళుగా ఇదే నా బతుకుదెరువు. షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సంస్థ సెబీ లెక్కల్లో 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓ (ఈ ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, అంతా కలిపి 1.8 లక్షల కోట్ల పైమాటే. మిగిలిన ఆ కొద్దిమందిలో నేనున్నా, దేవుడి దయ. ఇంటి లోన్ తీరింది, అమ్మానాన్నకి లోటు లేదు, పిల్లల చదువులకి పక్కన పెట్టేశా. ఇంతా ఉండి పొద్దున మార్కెట్ తెరిచే 9:15 అయ్యేసరికి సిస్టం ముందు కూర్చోబుద్ధి అయ్యేది కాదు, లాభం వచ్చినా ఏమనిపించట్లా, నష్టం వచ్చినా ఏమనిపించట్లా. మా ఆవిడ గవర్నమెంట్ స్కూల్లో టీచర్, సాయంత్రం ఇంటికి రాగానే ఏ పిల్లాడు ఎక్కాలు తప్పు లేకుండా అప్పజెప్పాడో, ఏ పిల్ల బడి మానేస్తే వాళ్ళింటికెళ్ళి ఎట్లా మాట్లాడొచ్చిందో చెప్పుకుంటా ఉంటది. నన్ను 'మీరేం చేశారండి ఇయ్యాల' అంటే ఒక అంకె చెప్పి ఊరుకునేవాణ్ణి. అంకె తప్ప చెప్పుకోటానికి ఏమీ లేని రోజులు వరసపెట్టి గడుస్తుంటే లోపల ఏదో ఎండిపోయిద్ది అండి. ఇది బయట చెప్తే కొవ్వెక్కి మాట్లాడుతున్నాడంటారు, చుట్టాల్లో అయితే అసలు నోరెత్తలేం. ఈ బాధలో ఉన్నోళ్ళు గుంటూరు విజయవాడల్లో చాలామందే ఉన్నారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఇంక అసలు విషయం. ఓనర్ గారిని అందరం బాబాయ్ గారూ అనే పిలుస్తాం. చేరిన రోజే ఆయన ఒక కత్తెర, ఒక నల్ల చార్ట్ ముక్క నా చేతిలో పెట్టి, స్క్రీన్ మీద లాభనష్టాలు చూపించే కాలమ్ ఎంత వెడల్పుందో స్కేలుతో కొలిపించి, అంత పట్టీ కత్తిరించి టేపుతో అంటించుకోమన్నారు. కొన్న రేటు కనపడుద్ది, స్టాప్ లాస్ (నష్టం పెరక్కుండా దిగిపోవాల్సిన రేటు) కనపడుద్ది, ఇప్పుడు నడుస్తున్న రేటు కనపడుద్ది, రూపాయల్లో ఎంతొచ్చిందో ఎంత పోయిందో మటుకు కనపడదు. పీకి చూసుకుంటే ఎవరూ వద్దనరు, కానీ టేపు పీకితే చర్రుమని హాలంతా వినపడుద్ది, అందరూ తలెత్తి చూస్తారు. మొదటి వారం చెయ్యి ఆ పట్టీ మీదికే పోయేది, తర్వాత చార్ట్ మీద ఎప్పుడూ లేనంత శ్రద్ధ వచ్చింది.

3:30 కి మార్కెట్ క్లోజ్ అయ్యాక అరగంట అందరూ మధ్య బల్ల దగ్గరికొస్తారు, ఆరోజు చేసిన ఒక్క ట్రేడ్ గురించి చెప్పాలి, ఎందుకు ఎక్కాం, ఎక్కడ దిగుదాం అనుకున్నాం, అక్కడే దిగామా లేదా. రూపాయలు చెప్పకూడదు, అది గట్టి రూల్. చెప్పినాక మిగతావాళ్ళు అడుగుతారు, ఊరికే అడగటం కాదు. మా వరసలో ఒక పెద్దావిడ ఉంటారు, ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యి ట్రేడింగ్ లోకి వచ్చారు, ఒక మంగళవారం ఎక్స్‌పైరీ రోజు, అంటే ఆప్షన్ గడువు తీరే రోజు, నేను కాల్ సైడ్ పొజిషన్ (రేటు పెరుగుద్దనుకునేవాళ్ళకి అమ్మిన ఆప్షన్) ముందే క్లోజ్ చేశానని చెప్తే 'నువ్వు మూడింటిదాకా ఉంచుతానన్నావు గదా బాబూ, ముందే ఎందుకు వచ్చేశావ్' అన్నారు. ప్రీమియం చాలావరకు కరిగిపోయిందండి, మిగిలిన కాస్త కోసం ఆఖరి గంట రిస్క్ ఎందుకని తీసేశా అన్నా. 'మరి ఆ మాట నీ పుస్తకంలో లేదే, రాసుకో, అది కూడా రూలే' అన్నారు. ఇన్నేళ్ళలో నా పని గురించి ఒక పనిలాగా నన్ను అడిగింది ఆవిడే. ఎంత సంపాదించావ్ అని అడిగినోళ్ళు బోలెడుమంది, ఎట్లా చేశావ్ అని కూర్చుని విన్నోళ్ళు లేరు. నాకు కరువైంది అదేనని ఆరోజు తెలిసింది.

బాబాయ్ గారు పేపర్ షేర్ల కాలంలో సబ్ బ్రోకర్ గా చేసినాయన. ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకం కాస్త తేడాగా ఉంటే చాలు బ్యాడ్ డెలివరీ అని సర్టిఫికెట్లు వెనక్కొచ్చేవంట, క్లయింటు ఇంటికెళ్ళి మళ్ళీ సంతకం పెట్టించుకునేదాకా తిప్పలే. 1996 లో డిపాజిటరీలు వచ్చి షేర్లు కాగితాల నుంచి కంప్యూటర్ ఖాతాల్లోకి మారి డీమ్యాట్ అయ్యాక ఆ తిప్పలన్నీ పోయినయ్, 'తిప్పలతో పాటు మనుషులు కూడా పోయారు, నా ఎదురుగా కూర్చునే క్లయింటు లేకుండా పోయాడు' అంటారాయన. 2024 జూన్ 4 న ఎన్నికల ఫలితాల రోజు, ముందురోజు ఎగ్జిట్ పోల్స్ చూసి 3 శాతం పైన ఎగిరిన నిఫ్టీ ఒక్కసారిగా 6 శాతం దాకా పడింది గదా, ఆరోజు హాల్లో ఎవరికి ఎంత పోయిందో కూడా అడక్కుండా, చీకటిపడేదాకా ఒక్కళ్ళని కూడా ఒంటరిగా ఇంటికి పోనివ్వలేదంట. నేను అప్పటికి చేరలేదు, పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒకసారి ఆయన్ని సూటిగా అడిగా, మన పనివల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది బాబాయ్ గారూ అని. ఆయన మిర్చి యార్డు లెక్క చెప్పారు. ఫిబ్రవరి మార్చిలో సరుకు ముంచెత్తుద్ది, రైతుకి ఆరోజే డబ్బు కావాలి, కొన్న వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని నెలల తరబడి రేటు పడుద్దేమో అనే భయం తను మోస్తాడు, మనం చేసేది కూడా భయం మోసే పనే, షేర్లు పట్టుకున్నాయన పుట్ (రేటు పడితే నష్టం పూడ్చే ఆప్షన్) కొంటే, దాన్ని అమ్మిన నువ్వు ఆ భయాన్ని కొనుక్కున్నట్టే అన్నారు. మాట నిజమే, నేను కాదనను. కాకపోతే వారానికే గడువు తీరే వీక్లీ ఆప్షన్స్ లో నా ఎదురుగా ఉన్నది అట్లా రక్షణ కోసం కొనేవాడు తక్కువ, ఈరోజు అదృష్టం చూద్దాం అని పదీ ఇరవై రూపాయల ప్రీమియం కొనే కుర్రాళ్ళు ఎక్కువ, ఇది ట్రేడింగ్ చేసే ప్రతివాడికీ తెలుసు. నాకు ఆ జవాబు సగమే సరిపోయింది.

మిగతా సగం శనివారాల్లో దొరికింది. శనివారం పొద్దున పదింటికి హాల్ అందరికీ తెరుస్తారు, నష్టపోతున్నోళ్ళు ఎవరైనా రావచ్చు, పైసా ఫీజు లేదు. ఏది కొనాలో ఎవరూ చెప్పరు, సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా డబ్బు తీసుకుని సలహాలివ్వటం నేరం అని బాబాయ్ గారు ముందే చెప్పేస్తారు. చేసేదల్లా ఒకటే, వచ్చినోళ్ళ కాంట్రాక్ట్ నోట్లు (ఆరోజు కొన్నవీ అమ్మినవీ, చార్జీలూ చూపే బ్రోకర్ బిల్లులు) తీసి పెన్సిలుతో కూడిక వేయించటం. తెనాలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, మొబైల్ షాపులో పని, ఆర్నెల్లుగా కొద్దిగా లాభంలోనే ఉన్నానన్నా, పెద్దగా సంపాదించటం ఎట్లానో చెప్పండి అన్నాడు. ఒకరోజు నోటు తీశాం. ఆరోజు పదిసార్లు కొని పదిసార్లు అమ్మాడు, లాభం 350 రూపాయలు. ఆర్డర్ కి 20 చొప్పున ఇరవై ఆర్డర్లకి బ్రోకరేజీ 400, దానిమీద 18 శాతం జీఎస్టీ 72, అక్కడికే 472 అయింది. ఇంకా ఎస్‌టీటీ ఉంది, అది అమ్మకం మీద ప్రభుత్వం వేసే పన్ను, ఆప్షన్ ప్రీమియం మీద అది 2024 అక్టోబర్ 1 న 0.0625 నుంచి 0.1 శాతానికి పెరిగింది, ఎక్స్‌ఛేంజ్ చార్జీలు, స్టాంప్ డ్యూటీ వేరే. వాడు పెన్సిల్ పట్టుకుని ఆ 350 కింద గీతగీసి చాలాసేపు చూశాడు. 'అన్నా, నేను ఇన్నాళ్ళూ జీతం లేకుండా వీళ్ళకి పనిచేసినట్టేనా' అన్నాడు. ఆప్షన్స్ ఆపేశాడు, శనివారం మటుకు వస్తాడు, కొత్తగా వచ్చినోళ్ళకి ఇప్పుడు వాడే కూడికలు వేయిస్తాడు. ఆరోజు రాత్రి మా ఆవిడకి వాడి సంగతి చెప్తుంటే అన్నం చల్లారిపోయింది, మధ్యలో ఆవిడ ప్రశ్నలు, వాళ్ళింట్లో ఎవరెవరుంటారు, అప్పు ఏమైనా చేశాడా అని. ఇప్పుడు సోమవారం పొద్దున నాకు లేవబుద్ధి అయిద్ది.

లోపాలు కూడా రాయాలి. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి కష్టం. బాత్రూమ్ ఒక్కటే, ఆడవాళ్ళకి విడిగా లేదు, నెలకి ఇంత తీసుకుంటున్నప్పుడు ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని, బాబాయ్ గారికి మొహం మీదే చెప్పాం, చేస్తానన్నారు, ఇంకా చెయ్యలేదు. పార్కింగ్ కి రోడ్డే గతి, కారు తీసుకురావద్దు. కొత్తపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు శంకర్ విలాస్ బ్రిడ్జి పనులు చూసుకుని టైమ్ పెట్టుకోండి.

కొత్తగా ట్రేడింగ్ నేర్చుకుందాం అనుకునేవాళ్ళకి డెస్క్ వద్దు, టిప్స్ కోసమైతే అసలు ఎక్కొద్దు మెట్లు. సంపాదన బాగానే ఉండి ఎందుకు చేస్తున్నానో తెలియట్లేదు అనే స్టేజీలో ఉంటే మటుకు ఒక నెల కూర్చుని చూడండి. ప్రస్తుతం డెస్కులు ఖాళీ లేవు, ముందు ఒక శనివారం వచ్చి కూర్చోండి, ఖాళీ అయితే శనివారం వచ్చేవాళ్ళకే ముందు ఇస్తారు. మీ మూడు నెలల కాంట్రాక్ట్ నోట్లు ప్రింట్ తీసి తెచ్చుకోండి, ఫోన్ లో చూపిస్తే బాబాయ్ గారు ఒప్పుకోరు.