కిసుములో ఒక వారం, ఎం-పెసా లెక్కల్లో

స్వచ్ఛంద సేవ కోసం కెన్యాలోని కిసుముకు వచ్చి ఎనిమిది నెలలైంది. విక్టోరియా సరస్సు ఒడ్డునున్న ఈ ఊళ్లో ఒక పిల్లల గ్రంథాలయంలో లెక్కలు చెప్పడం నా అసలు పని. ఖర్చుల పద్దు రాయడానికి ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో అదీ నా నెత్తినే పడింది. (మా గుంటూరు వైపు కొన్నేళ్లపాటు వాలంటీరంటే ఒకటో తారీఖున తనకిచ్చిన ఇళ్లకు పింఛను పట్టుకొచ్చే మనిషి కనుక, నేను ఇక్కడ వాలంటీరునని చెప్పగానే మా పెద్దమ్మ "నీకు ఎన్ని ఇళ్లు ఇచ్చారే?" అని అడిగింది.) పోయిన వారం నలభై మంది పిల్లలను కిసుము మ్యూజియానికి తీసుకువెళ్లే ఏర్పాట్లలో ప్రతి షిల్లింగూ (ఇక్కడి కరెన్సీ) ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా మీదుగానే నడిచింది కాబట్టి, ఆ సేవ గురించి నా అభిప్రాయం రాయడానికి ఇదే సరైన సమయమనిపించింది.

కెన్యా మొబైల్ సంస్థ సఫారికామ్ 2007 మార్చిలో దీన్ని ప్రారంభించింది. పేరులోని 'ఎం' మొబైల్‌కు గుర్తు. 'పెసా' అంటే స్వాహిలీలో డబ్బు, మన పైసకు దగ్గరి చుట్టం. యూపీఐకి అలవాటుపడినవారు మొదట గ్రహించవలసిన తేడా ఏమిటంటే, యూపీఐ ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు సొమ్ము చేరవేస్తుంది. ఎం-పెసాకు బ్యాంకు ఖాతాతో పనే లేదు, మన ఫోన్ నంబరే ఖాతా. ఇంటర్నెట్ లేని బటన్ల ఫోన్లోనూ పనిచేస్తుంది. నాకు పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకోవడం, నాలుగంకెల పిన్ పెట్టుకోవడం తప్ప వేరే తతంగం లేకపోయింది.

పద్దు రాసేవారికి ఇందులో అన్నిటికన్నా నచ్చేది, చెల్లింపు జరిగిన వెంటనే వచ్చే సందేశం. పది అక్షరాల కోడ్‌తో మొదలై, ఎంత, ఎవరికి, ఏ రోజు, ఏ గంటకు, ఇంకా ఎంత మిగిలింది, రుసుము ఎంత అన్నవన్నీ ఒక్కచోట ఉంటాయి. చపాతీలు, చిక్కుడుగింజల కూర వండిపెట్టిన ఆవిడ బిల్లు ఇవ్వలేదు. ఆవిడ గోడ మీద సున్నంతో రాసుకున్న టిల్ నంబరుకు (అమ్మేవారు ఎం-పెసాలో డబ్బు తీసుకునే నంబరు) డబ్బు కట్టిన సందేశమే నా బిల్లు. రాత్రి కూర్చుని ఆ సందేశాలను ఒక్కొక్కటిగా పుస్తకంలోకి ఎక్కించుకుంటే ఆ రోజు లెక్క తేలిపోయేది.

నా అసంతృప్తి రుసుముల మీద. టిల్ నంబరుకు కట్టేటప్పుడు కొనేవారికి అదనపు ఖర్చు లేదు, వంద షిల్లింగుల దాకా ఒకరికొకరు పంపుకోవడమూ ఉచితమే. కానీ టుక్‌టుక్ (మన ఆటోలాంటిది) నడిపేవారి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. వెయ్యి షిల్లింగులు బేరమాడుకున్నాక డ్రైవరు "తుమా నా యా కుతోవా" అన్నాడు, అంటే ఆ సొమ్మును ఎం-పెసా నుంచి నగదుగా తీసుకునే ఖర్చు కూడా కలిపి పంపమని. తీసుకోవడానికి 29, కనుక 1,029 పంపాను. వెయ్యి వరకైతే పంపే రుసుము 13తో సరిపోయేది. వెయ్యి దాటింది కాబట్టి 23 అయింది. వెయ్యి అతని చేతిలో పడడానికి 52 షిల్లింగులు ఖర్చు. ఇలా ఐదుగురు డ్రైవర్లు! యూపీఐలో పంపడానికి పైసా ఖర్చు కాని మన అలవాటుకు ఇది ముల్లులా గుచ్చుకుంటుంది.

బుధవారం మా సహోద్యోగి తండ్రి చనిపోయారు. గంటలో వాట్సాప్‌లో ఒక గుంపు వెలిసింది; హరాంబే అంటే అందరూ తలో చెయ్యి వేయడమని ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు. చందా వేసిన ప్రతివారూ తమ ఎం-పెసా సందేశాన్ని అందులో పెట్టడం, కోశాధికారి వరుస సంఖ్యతో పేరు, మొత్తం చేర్చి జాబితాను మళ్లీ మళ్లీ పంపడం అర్ధరాత్రి దాకా సాగింది. యాభై షిల్లింగులు ఇచ్చినవారి పేరు, ఐదు వేలు ఇచ్చినవారి పేరు ఒకదాని కింద ఒకటి. మన ఊళ్లో పెళ్లి చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది.

ఆ హడావిడిలో నేను ఒక అంకె తప్పుగా నొక్కి, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి 600 పంపాను. పంపేముందు అవతలివారి పేరు తెర మీద చూపించనే చూపించింది. చదవకపోవడం నా తప్పే. చెల్లింపు సందేశాన్ని వెంటనే, పొరపాటున పంపిన సొమ్ము వెనక్కి అడిగే 456 నంబరుకు పంపాను. అవతలి మనిషి ఇంకా ఖర్చుపెట్టలేదు కనుక మర్నాటికి సొమ్ము వెనక్కి వచ్చింది.

నగదు కావలసివస్తే ఆకుపచ్చ రంగు వేసిన ఎం-పెసా ఏజెంటు కొట్టుకు వెళ్లాలి. శుక్రవారం సాయంత్రం మొదటి కొట్టులో నగదు అయిపోయింది, రెండోచోట నాకు ముందు పదకొండు మంది ఉన్నారు. గళ్ల రిజిస్టరులో, దారంతో కట్టిన పెన్నుతో, పాస్‌పోర్టు నంబరు రాసి సంతకం పెట్టాలి; కొట్టామె నా ఇంటిపేరు చూసి, పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, నవ్వి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ డ్రైవర్ల ఖాతాలోది. వచ్చే నెల ప్రయాణానికి ఐదు టుక్‌టుక్‌ల బదులు ఒక మటాటు (ఇక్కడి ప్రైవేటు మినీబస్సు) మాట్లాడుకుని, ఒకేసారి చెల్లించబోతున్నాను.