టైటిల్ వన్ సొమ్ము: జాబితాలోని పిల్లలకా, బడి మొత్తానికా?

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబాలు ముందుగా చూసేది ఆ చుట్టుపక్కల బడులను. ఏదైనా బడి పేరు పక్కన ‘టైటిల్ వన్’ అని కనబడితే చాలామంది ఆ వీధినే వదిలేస్తారు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్నందువల్ల ఫెడరల్ ప్రభుత్వం నుంచి అదనపు సొమ్ము అందుకుంటున్న బడి అది, అంతే. దాన్ని చూసి జడుసుకునే బదులు ఆ సొమ్మును లోపల ఏ పద్ధతిలో ఖర్చు చేస్తున్నారో అడిగితే ఆ బడి గురించి ఎక్కువ తెలుస్తుంది. ఆ పద్ధతులు రెండే. ఒకటి, వెనుకబడిన పిల్లల జాబితా రాసి వాళ్లకే ఖర్చు పెట్టడం. దీన్ని టార్గెటెడ్ అసిస్టెన్స్ అంటారు. రెండోది, బడి మొత్తాన్ని బాగుచేయడానికి వాడుకోవడం, ఇది స్కూల్‌వైడ్.

1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లో తాను చిన్నప్పుడు చదువుకున్న ఒంటిగది బడి ముందు, తనకు మొదట పాఠం చెప్పిన టీచరును పక్కన కూర్చోబెట్టుకుని ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంపై సంతకం చేశారు. ఆ చట్టంలోని మొదటి భాగమే టైటిల్ వన్. కాలేజీలో ఉండగా కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ మూలాలున్న పేద పిల్లలకు ఆయన చదువు చెప్పారు. ఆ పిల్లల ఆకలి, అవమానం దగ్గరగా చూసిన మనిషి రాయించిన చట్టం ఇది. ఇప్పుడు ఏటా 1,800 కోట్ల డాలర్లకు పైగా ఈ పద్దు కింద విడుదలవుతోంది. అమెరికా బడుల ఖర్చులో అధిక భాగం రాష్ట్ర ప్రభుత్వాలది, స్థానిక పన్నులది. ఫెడరల్ వాటా మామూలు సంవత్సరాల్లో సుమారు పదో వంతు. ఆస్తి పన్ను తక్కువ వచ్చే పేద ప్రాంతంలో మాత్రం ఆ కొంచెమే ఒక రీడింగ్ టీచరు ఉండటానికీ, లేకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

జాబితా పద్ధతి అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం ఉంది. చట్టం వచ్చిన తొలి ఏళ్లలో చాలా జిల్లాలు (స్థానికంగా బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు) ఈ డబ్బును పేద పిల్లలతో సంబంధం లేని వాటికి మళ్లించాయి. 1969లో పౌరహక్కుల సంఘాలు వెలువరించిన నివేదిక ఆ సంగతి బయటపెట్టాక లెక్కలు బిగించారు: ప్రతి డాలరూ ఫలానా పిల్లల కోసమే ఖర్చయిందని చూపించాలి. ఆ భయం న్యాయమైనదే. పేదవాడి పేరుతో వచ్చిన సొమ్ము ఊరందరి పద్దులో కలిసిపోతే పేదవాడికి మిగిలేది ఏమీ ఉండదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బడికి డబ్బు వచ్చేది పేదరికం లెక్కన. జాబితాలో పిల్లల పేరు ఎక్కేది మాత్రం చదువులో వెనుకబాటు లెక్కన. పేదింటి పిల్లవాడు చక్కగా చదువుతుంటే ఆ జాబితాలో ఉండకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తండ్రితో హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగో తరగతిలో చేరి, ఇంగ్లీషు చదవలేక తడబడుతున్న అమ్మాయి పేరు మాత్రం అందులో ఉండవచ్చు. ఇల్లు లేని పిల్లలకు, ఇటీవలే హెడ్‌స్టార్ట్ (పేద కుటుంబాల చిన్నపిల్లలకు ఫెడరల్ సొమ్ముతో నడిచే ప్రీస్కూల్ కార్యక్రమం) నుంచి వచ్చిన పిల్లలకు ఆ అర్హత దానంతట అదే వస్తుంది. కాబట్టి మీ పాప పేరు జాబితాలో ఉందని ఉత్తరం వస్తే చిన్నతనంగా భావించకండి. ఆ సాయం తప్పకుండా తీసుకోండి.

తరగతి గదిలో ఇది ఇలా జరుగుతుంది. టీచరు సైన్సు పాఠం మొదలుపెట్టగానే ప్రత్యేక టీచరు తలుపు దగ్గరికి వచ్చి నలుగురి పేర్లు పిలుస్తుంది. ఆ నలుగురూ లేచి చిన్న గదికి వెళ్లి అరగంట చదవడం నేర్చుకుంటారు. అక్కడ దొరికే శ్రద్ధ నిజమైనది. తిరిగి వచ్చేసరికి సైన్సు పాఠం సగం అయిపోయి ఉంటుంది. ఒకచోట వెనుకబాటు తీరుస్తూ మరోచోట కొత్త వెనుకబాటు తెచ్చిపెడుతున్నాం. అందుకే బడి వేళల్లో పిల్లలను తరగతి నుంచి బయటికి తీయడం వీలైనంత తగ్గించమని చట్టమే చెబుతోంది. ఎవరు లేచి వెళ్తున్నారో మిగతా పిల్లలంతా గమనిస్తూనే ఉంటారన్నది చట్టానికి అందని బాధ.

బడి మొత్తం పద్ధతికి 1978లో తలుపు తెరిచినప్పుడు పేద పిల్లలు 75 శాతం ఉన్న బడులకే అవకాశం ఉండేది. 1994లో దాన్ని 50 శాతానికి, 2001లో కాంగ్రెస్ ఆమోదించిన చట్టంలో 40 శాతానికి దించారు. 2015 చట్టం తరవాత 40 లోపు ఉన్న బడి కూడా రాష్ట్రం అనుమతితో ఈ దారి పట్టవచ్చు. ఇప్పుడు టైటిల్ వన్ బడుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే ఉన్నాయి. ముందు బడి అవసరాలన్నీ పరిశీలించి ప్రణాళిక రాయాలి. ఆ తరవాత తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించవచ్చు, టీచర్లందరికీ చదవడం నేర్పే శిక్షణ ఇప్పించవచ్చు, కౌన్సెలర్‌ను పెట్టుకోవచ్చు. ఈ డబ్బుతో జీతం తీసుకునే టీచరు జాబితా చూసుకుని పాఠం చెప్పనక్కర్లేదు.

ఏది మేలో తేలాలంటే లెక్క వేయాలి. ఊహకు ఒక బడిలో 500 మంది పిల్లలు, అందులో 200 మంది పేదవారు, అంటే సరిగ్గా 40 శాతం అనుకుందాం. జిల్లా ఒక్కో పేద పిల్లవాడికి 1,000 డాలర్ల చొప్పున ఇస్తే బడికి వచ్చేది 2 లక్షల డాలర్లు. బాగా వెనుకబడిన 80 మందికే ఖర్చు పెడితే తలకు 2,500. బడి మొత్తానికి పరిస్తే తలకు 400. నాలుగు వందల డాలర్లతో ఒక పిల్లవాడి చదువు మలుపు తిరగదు. అదే బడిలో పేద పిల్లలు 400 మంది ఉంటే వచ్చేది 4 లక్షలు, తలకు 800. పైగా వెనుకబడినవారు తరగతికి సగం మందికి పైగా ఉంటే ఎవరిని పిలిచి ఎవరిని కూర్చోబెడతారు? సగం తరగతిని బయటికి తీసుకెళ్లాల్సి వస్తే మార్చాల్సింది ఆ తరగతినే.

అందుకే 40 శాతం గీత మరీ కిందికి జారిందని నా అభిప్రాయం. పేద పిల్లలు 60, 70 శాతం దాటిన బడికి బడి మొత్తం పద్ధతే సరైనది, అందులో నాకు సందేహం లేదు. 40, 50 మధ్య ఉన్న బడి కాగితాల పని తగ్గుతుందని ఆ దారి పడితే అక్కడి పేద పిల్లలకు అన్యాయం జరుగుతుంది. అలాంటి బడికి జాబితాయే మేలు. అయితే పిల్లలను బయటికి పిలవకుండా ప్రత్యేక టీచరే తరగతిలోకి వచ్చి పక్కన కూర్చుని నేర్పాలి, లేదా బడి వేళల తరవాత, వేసవిలో నేర్పాలి. రెండూ చట్టం ఒప్పుకునేవే.

బడి మొత్తం పద్ధతిలోనూ చట్టం వెనుకబడిన పిల్లలను మరవమనలేదు. ప్రమాణాలు అందుకోలేని ప్రమాదంలో ఉన్నవారి అవసరాలు ఎలా తీరుస్తారో ప్రణాళికలో రాసి తీరాలి. ఆ ప్రణాళికను తల్లిదండ్రులకు అందుబాటులో ఉంచాలి, ఏటా సమావేశం పెట్టాలి. 5 లక్షల డాలర్లకు మించి అందుకునే జిల్లా అందులో కనీసం ఒక శాతం తల్లిదండ్రుల భాగస్వామ్యానికే కేటాయించాలి. పిల్లల చదువు కోసం రాత్రింబగళ్లు శ్రమించే మనవాళ్లు ఈ సమావేశానికి తప్పకుండా వెళ్లాలి. వెళ్లి మూడో తరగతి దాటినా చదవలేకపోతున్న పిల్లలు ఎంతమంది ఉన్నారు, ఈ ఏడాది సొమ్ములో వాళ్ల కోసం ఏ పద్దు కింద ఎంత పెట్టారు అని అడగండి. మీ పాప ఆ పిల్లల్లో లేకపోయినా అడగండి. రెండు పూటలా పనికి వెళ్లే ఆ పిల్లల తల్లికి ఆ సాయంత్రం సెలవు దొరికి ఉండదు.