సభలో మైకా, చిన్న గదిలో ముసాయిదానా: పర్యావరణ చర్చల్లో ఏది మేలు?

విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి మోడల్ యుఎన్‌కు (ఐక్యరాజ్యసమితి చర్చలను అనుకరించే విద్యార్థి సభలకు) వెళ్లే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: అంతర్జాతీయ పర్యావరణ చర్చల్లో ఒక్క ప్రతినిధి వల్ల ఏమైనా మారుతుందా? మారుతుంది. ఎక్కడ కూర్చున్నాడన్నదే తేడా.

ప్లీనరీ (అన్ని దేశాలూ కూర్చునే పూర్తి సభ) ప్రసంగానికి బలం లేకపోలేదు. 2007లో బాలి వాతావరణ సదస్సులో పాపువా న్యూ గినియా ప్రతినిధి కెవిన్ కాన్రాడ్, ముందు నడవలేకపోతే దారి వదలమని అమెరికాకు ముఖం మీదే చెప్పాడు. కాసేపటికే అమెరికా దిగివచ్చింది. కాకపోతే అప్పటికే వాక్యం సిద్ధంగా ఉంది, సభ దాదాపు అంతా ఒకవైపు ఉంది. ఆ రెండూ లేని ప్రసంగానికి చప్పట్లే మిగులుతాయి.

అడ్డం తిరగడం రెండో దారి. వాతావరణ ఒప్పందంలో ఓటింగ్ నియమం ఇప్పటికీ కుదరలేదు, అంతా ఏకాభిప్రాయమే. అందుకని ఒక్కరు కాదంటే ఆగిపోతుందనుకుంటారు. కానీ 2010లో కాంకున్‌లో బొలీవియా ఒక్కటే మొత్తం ఒప్పందాన్ని వద్దంది. సదస్సు అధ్యక్షురాలు పట్రీషియా ఎస్పినోసా ఒప్పందం ఆమోదమైందని సుత్తి కొట్టేశారు. 2021లో గ్లాస్గోలో భారత్ బొగ్గు వాక్యంలో ‘నిలిపివేత’ తీసి ‘తగ్గింపు’ పెట్టమంది, చాలా దేశాలు బాధపడినా ఆ మాట నిలిచింది. ఎందుకంటే భారత్ చేతిలో బదులు మాట ఉంది. పైగా కొద్దిరోజుల ముందే అమెరికా, చైనా తమ ఉమ్మడి ప్రకటనలో అదే మాట వాడాయి.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే: కుండలీకరణం (ముసాయిదాలో ఇంకా తేలని మాటల చుట్టూ పెట్టే బ్రాకెట్) తీసే క్షణానికి బదులు మాట ఎవరి దగ్గర సిద్ధంగా ఉంది? ఆ క్షణం చాలాసార్లు చిన్న గదిలో, అర్ధరాత్రి దాటాక వస్తుంది. 2013లో వార్సాలో ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సానో నిరాహార దీక్షను లోకమంతా చూసింది. చివరి గంటల తగువు మాత్రం, వాతావరణ నష్టాల యంత్రాంగం అనుసరణ (మారే వాతావరణానికి తగ్గట్టు సర్దుకోవడం) చట్రం ‘కింద’ ఉండాలా వద్దా అన్న ఒక్క మాట మీద. ‘కింద’ ఉండిపోయింది, అనుసరణతో తగ్గించలేని నష్టాలూ ఉంటాయన్న వాక్యం, 2016లో సమీక్ష అన్న షరతు వచ్చి చేరాయి. అలాంటి వాక్యం మైకు ముందు పుట్టదు.

గుంటూరు వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్ల తరబడి కరగని విష రసాయనాలపై అంతర్జాతీయ ఒప్పందం) కింద దాన్ని నిషేధ జాబితాలో చేర్చినప్పుడు, మినహాయింపులన్నీ పంట, పురుగు జతలుగా పట్టికలోకి ఎక్కాయి: మిరపకు పేనుబంక, పచ్చదోమ, పత్తికి కాయతొలుచు పురుగు, తెల్లదోమ వగైరా. పట్టికలో లేని జతకు మినహాయింపు లేదు. (మే 13న మన సుప్రీంకోర్టే దాన్ని ఆపేసింది, అది వేరే సంగతి.)

ఈ చిన్న గది దారి ఎంచుకుంటే పద్ధతి కావాలి. పేరా నంబరు, తీసేయాల్సిన మాట, పెట్టాల్సిన మాట ఒకే కాగితం మీద రాసుకోవాలి. ముందు జి-77లో (అభివృద్ధి చెందుతున్న దేశాల కూటమిలో) ఒప్పించాలి, తర్వాతే గదిలో చెప్పాలి. ఒప్పుకోకపోతే దిగడానికి రెండో మాట జేబులో ఉండాలి. ఎక్కువగా చెడేది రెండుచోట్ల: తేలిపోయిన పేరాను ప్లీనరీలో మళ్లీ తెరవడం, ఏటా కొత్త మనిషిని పంపడం. పోయినేడు ఆ కామా ఎందుకు పెట్టారో కొత్తవాడికి తెలియదు. ఇద్దరు ముగ్గురే వచ్చిన చిన్న దేశాలైతే అన్ని గదులకూ పరుగెత్తకుండా ఒక్క అంశం పట్టుకోవడం నయం.

చర్చలు నడిపే అధ్యక్ష స్థానానికి బలం ఎక్కువే, కానీ అది కోరుకుంటే దొరికేది కాదు. పరిశీలకులుగా వెళ్లే స్వచ్ఛంద సంస్థలవాళ్లు ముసాయిదా మాటలు అందించగలరు, అంతవరకే.