డెలివరీ పైపు మార్చాక పంపుకు ఊపిరాడింది, ఒక చిన్న చిల్లు వల్ల

సెల్లార్‌లో గుంత తీసి, అందులో చేరే ఊట నీళ్లు తోడడానికి పంపు పెట్టాం. ఆ నీళ్లను బయటికి పంపే డెలివరీ పైపు ఇదివరకు పునాది గోడ పక్కనే ముగిసేది. బయట పోసిన నీళ్లు మట్టిలో ఇంకి మళ్లీ అదే గుంతలోకి ఊరేవి. వాన వెలిసినా పంపు మాత్రం ఆగేది కాదు. ఇప్పుడు పైపు పెరటి పల్లం దాకా వెళ్లింది. వానాకాలాలు గడిచాక చెబుతున్నా, పంపు నడిచే సమయం బాగా తగ్గింది.

అయితే మధ్యలో ఒకసారి గుండె ఆగినంత పనైంది. పాత పైపు పొట్టిది, నాన్ రిటర్న్ వాల్వ్ లేదు. కొత్తది పొడుగు కాబట్టి, పైపులో నిలిచిన నీళ్లు వెనక్కి పడకుండా ప్లంబర్ ఆ వాల్వ్ పెట్టాడు. ఎండలకు గుంత ఎండింది. తర్వాత పెద్ద వాన పడ్డ రోజు పంపు హుమ్మని మోగుతోందే తప్ప చుక్క బయటికి రాలేదు. గుంత నిండుతోంది, నాకు టెన్షన్. మోటారు కాలిందనుకున్నాం. విప్పి చూస్తే బాగానే ఉంది. సంగతేమిటంటే గాలి పట్టింది. వాల్వ్ మీద నీళ్ల బరువు, కింద పంపులో గాలి. గాలిలో తిరిగే ఇంపెల్లర్‌కు (పంపులో నీళ్లను నెట్టే చక్రం) వాల్వ్ మూత ఎత్తేంత ఒత్తిడి రాదు. ఇంకో ప్లంబర్ వచ్చి పంపుకూ వాల్వ్‌కూ మధ్య, గుంత లోపలే, పైపుకు 5 మి.మీ. చిల్లు కిందికి వాలుగా వేశాడు. అంతే, గాలి పోయింది, నీళ్లు ఎగదన్నాయి. పంపు నడిచినప్పుడల్లా అందులోంచి సన్నటి ధార చిమ్ముతుంది. అది లీకు కాదు, ఎవరూ ఎం-సీల్ పెట్టి మూయొద్దు! అప్పుడప్పుడు పుల్లతో శుభ్రం చేస్తే చాలు, బురదకు మూసుకుపోతుంది.

పంపుకు పని తగ్గిందన్నాను కదా, అందులో కొంత మినహాయింపు ఉంది. దూరం, బెండ్లు పెరిగాయి కాబట్టి నిండిన గుంత ఒక్కోసారి ఖాళీ కావడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పడుతోంది. మలుపు దగ్గర 90 డిగ్రీల ఎల్బో (వంపు ముక్క) బదులు రెండు 45 డిగ్రీలవి వాడుంటే కొంత నయమట. పంపు ఆగినప్పుడల్లా వాల్వ్ ఠక్కున కొట్టుకోవడం కూడా కొత్త గొడవే. పైన పడుకునేవాళ్లకు వినిపిస్తుంది.

మా పెరడు ఇంటికి అవతలి వైపు వాలి ఉంది, నీళ్లు పక్కింటి గోడ మీదికి పోవు. అందుకే మాకు కుదిరింది. నేల చదునుగా ఉన్నవాళ్లకు ఇంత లాభం ఉంటుందో లేదో చెప్పలేను. చలికి పైపులు గడ్డకట్టే చోటైతే ఇంత పొడుగు లైను వేయడానికి నేనే వెనకాడేవాణ్ణి.