హాంగ్‌కాంగ్ మిడ్ ఆటమ్ పండగ: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

మిడ్ ఆటమ్‌కి, అంటే చైనావాళ్ళ పౌర్ణమి పండగకి, హాంగ్‌కాంగ్ వెళ్దామనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, విక్టోరియా పార్క్ లాంతర్లకి ఒక గంట చాలు, మిగతా సాయంత్రం తాయ్ హాంగ్‌కి ఉంచుకోండి. పార్క్ బాగోదని కాదు, టికెట్ లేదు, పెద్ద పెద్ద దీపాల బొమ్మలు, పిల్లలైతే కదలరు, కానీ ఎటు చూసినా ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతులే.

తాయ్ హాంగ్ అక్కణ్ణించి నడిచిపోవచ్చు. 1880లో అది చిన్న ఊరు, తుఫాను తర్వాత మహమ్మారి వచ్చి జనం పోతుంటే డ్రాగన్‌ని ఊరేగించి టపాసులు కాల్చారట, రోగం ఆగిందట. మన బోనాల కథ కూడా ప్లేగుదే కదా, వినగానే అదే గుర్తొచ్చింది. డ్రాగన్ 67 మీటర్లు, గడ్డి ఒళ్ళంతా వెలిగించిన ఊదొత్తులు గుచ్చి 300 మంది దాకా మార్చుకుంటూ మోస్తారు, దాని ముందు పంపర పనసకాయలకి ఊదొత్తులు గుచ్చి కర్రల మీద తిప్పుకుంటూ పోతారు, అవే డ్రాగన్ వెంటపడే ముత్యాలు. వున్ షా స్ట్రీట్‌లో బారికేడ్ పక్కనే నిలబడ్డాం, కళ్ళు మంట, భుజాల మీద బూడిద, మంచి బట్టలు మాత్రం వేసుకెళ్ళకండి. మూడు రాత్రులు చేస్తారు కాబట్టి పౌర్ణమి రాత్రి పార్క్‌కి పెట్టుకుని ఇంకో రాత్రి ఇక్కడికి రండి.

రూమ్ సంగతి. చిమ్ షా చోయ్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం, పేరు ఎందుకులెండి, బుకింగ్ ఫొటోలో కిటికీ ఉంది గదిలో లేదు, మంచం దిగితే బాత్రూమ్ తలుపే. ఆ ఏరియాలో మన తిండి దొరుకుతుంది, రేటు తక్కువ, కుర్రాళ్ళకి ఓకే. అమ్మానాన్నలతో అయితే డబ్బులు ఎక్కువైనా పార్క్ దగ్గరే ఉన్న కాజ్‌వే బే, టిన్ హావ్ వైపే తీసుకోండి, ఆ జనంలో వాళ్ళని రైలెక్కించడం కన్నా నడిచి రూమ్‌కి చేరడం నయం. రైళ్ళకి వంక పెట్టలేం, పండగ రాత్రి ఎంటీఆర్ (అక్కడి మెట్రో) చాలా లైన్లలో తెల్లవార్లూ నడుస్తుంది. ట్రామ్ ఇంకా చవక, దిగేటప్పుడు డబ్బులు కడితే చాలు.

శాకాహారులు ఈ పండగ మిఠాయి మూన్‌కేక్ కొనేముందు తప్పకుండా అడగండి. పాతకాలం రకంలో పంది కొవ్వు వేస్తారు, తామరగింజల ముద్ద మధ్యలో గుండ్రంగా పసుపుపచ్చగా కనిపించేది ఉప్పులో ఊరబెట్టిన బాతుగుడ్డు సొన, అమ్మ కోవా అనుకుని సగం నోట్లో పెట్టేసింది, ఇక ఆ రోజంతా మాకు క్లాసే. తర్వాత డైమండ్ హిల్‌లో చి లిన్ అనే బౌద్ధ సన్యాసినుల ఆశ్రమానికి తీసుకెళ్ళా, మేకుల్లేకుండా కట్టిన చెక్క మందిరాలు, ఎదురుగా నాన్ లియాన్ తోటలో జలపాతం వెనక పూర్తి శాకాహార హోటల్ ఉంది. పుట్టగొడుగులతో చేసిన ఐటమ్స్ చూసి శాకాహారమేనని అమ్మ ముందు నమ్మలేదు, తిన్నాక రెండో ప్లేట్ చెప్పమంది.