ముంబైలో ఎక్కడ దిగాలి? ఫోర్టా, అంధేరీనా, దాదరా?

ముంబైకి టికెట్లు తీసుకున్నాక మావాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే, "రూమ్ ఏ ఏరియాలో తీసుకోవాలి?" అని. 2025 అక్టోబరులో భూగర్భ మెట్రో, అదే ఆక్వా లైన్, కఫ్ పరేడ్ దాకా పూర్తయ్యాక దానికి ఇంకో ముక్క చేరింది: "మెట్రో వచ్చేసిందిగా, ఇక ఎక్కడ దిగినా ఒకటే కదా?" ఒకటే కాదు. నేను చెప్పేది రెండు మూడు రోజులు ఊరు చూడ్డానికి వెళ్లే కుటుంబాల కోసం. వైద్యం కోసం వెళ్లేవాళ్ల లెక్క వేరు, ఆ సంగతి దాదర్ దగ్గర చెబుతాను.

ముంబై ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా, పొడుగ్గా సాగిన ఊరు. మొదటిసారి వెళ్లేవాళ్లు చూడాలనుకునేవి ఎక్కువగా దక్షిణపు కొసన ఉన్నాయి: గేట్‌వే ఆఫ్ ఇండియా, ఎలిఫెంటా దీవి గుహలకు వెళ్లే బోట్లు, మ్యూజియం, మెరైన్ డ్రైవ్, సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) రైల్వే స్టేషన్ భవనం. పాత విమానాశ్రయం, పెట్టిన డబ్బుకు తగ్గ గదులు మాత్రం పైన అంధేరీ చుట్టుపక్కల. ఫోన్‌లో వెతికేవాళ్లకు ముందు నచ్చేది అంధేరీయే. ఫొటోలో విశాలమైన గది, కిటికీ, లిఫ్టు, పొద్దున టిఫిన్‌తో కలిపి రేటు. అదే డబ్బుకు దక్షిణాన గేట్‌వే పక్కనున్న కొలాబాలో మంచం వేశాక సూట్‌కేసు తెరవడానికి చోటు మిగలని గది వస్తుంది. కాబట్టి గదిని గదిగా చూస్తే పోటీయే లేదు, అంధేరీదే గెలుపు.

అంధేరీకి ఇంకా మంచి గుణాలున్నాయి. ఆటోలు దొరుకుతాయి. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, దక్షిణ ముంబైలో ఆటోలు తిరగవు. పడమటి వైపు బాంద్రా, తూర్పు వైపు సయన్ దాటి కిందికి రానివ్వరు. అక్కడ నలుపు పసుపు టాక్సీలే. అంధేరీలో రాత్రి ఎంత పొద్దుపోయినా తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. జుహూ బీచ్ దగ్గర. గోరేగావ్ ఫిల్మ్ సిటీ, బోరివలి నేషనల్ పార్కు, అందులోని కన్హేరీ గుహలు మీ జాబితాలో ముందుంటే అంధేరీలో దిగడమే న్యాయం.

అయినా నా ఓటు దక్షిణాన సీఎస్‌ఎంటీ పక్కనున్న ఫోర్ట్‌కే. కారణం దూరం కాదు. అంధేరీ నుంచి దక్షిణపు కొసన ఉన్న చర్చ్‌గేట్ స్టేషన్ సుమారు 22 కిలోమీటర్లు, ఫాస్ట్ లోకల్ రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. అసలు సంగతి జనం ఏ వైపు ప్రవహిస్తారన్నది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరు ఊరంతా ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా అదే జనం తిరిగి పైకి వెళ్తుంది. అంధేరీలో దిగిన టూరిస్టు కూడా పొద్దున టిఫిన్ చేసి తొమ్మిదింటికి దక్షిణానికే బయల్దేరతాడు, చీకటిపడ్డాక ఉత్తరానికే వస్తాడు. అంటే రోజుకు రెండుసార్లూ ఆఫీసు జనంతో కలిసి, వాళ్లు వెళ్లే వైపే, వాళ్ల వేళకే. ఫోర్ట్‌లో దిగినవాడు సగం చోట్లకు నడిచే వెళ్తాడు, మిగతా సగానికి ఈ ప్రవాహానికి ఎదురు వెళ్తాడు. చర్చ్‌గేట్‌లో లోకల్ ఖాళీ అయి వెనక్కి తిరుగుతుంది కాబట్టి పొద్దున కూర్చోవడానికి సీటు కూడా దొరుకుతుంది. ఇప్పుడు ఆఫీసులు లోయర్ పరేల్, బీకేసీ (బాంద్రా కుర్లా కాంప్లెక్స్), అంధేరీలకూ చేరాయి కాబట్టి ఎదురు బండ్లు పూర్వమంత ఖాళీగా ఉండవు, నిజమే. కానీ చంటిపిల్లతో ఎక్కలేనంత రద్దీకీ, కాసేపు నిలబడితే సరిపోయే రద్దీకీ తేడా పెద్దదే.

ఆ రద్దీ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ఒక్క మాట. సాయంత్రం చర్చ్‌గేట్‌లో ముందు కనిపించింది కదా అని ఉత్తరాన చాలా దూరం పోయే విరార్ ఫాస్ట్ లోకల్ ఎక్కి అంధేరీలో దిగుదామనుకుంటే, దూరం వెళ్లే రోజువారీ ప్రయాణికులు ఊరుకోరు. దిగేవేళకు తలుపు దాకా చేరడమే గగనం. అంధేరీకి అంధేరీ బండో, బోరివలి బండో ఎక్కాలి. ఇలాంటివి అక్కడివాళ్లకు పుట్టుకతో వస్తాయి, మనం మూడు రోజుల్లో నేర్చుకునేలోపు తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది.

ఇంకోటి, మధ్యాహ్నం. ముంబైలో ఎండకన్నా ఉక్క ఎక్కువ అలసట తెస్తుంది. ఎలిఫెంటా మెట్లెక్కి దిగి బోటులో తిరిగొచ్చేసరికి ఒంటి మీద బట్టలు తడిసి ముద్దవుతాయి. గది దగ్గరుంటే స్నానం చేసి, పెద్దవాళ్లను ఒక కునుకు తీయనిచ్చి, సాయంత్రం మెరైన్ డ్రైవ్‌కు తీరిగ్గా నడిచి వెళ్లొచ్చు. అంధేరీలో గది ఉంటే పొద్దున తాళం వేస్తే మళ్లీ రాత్రికే. మధ్యలో నాలుగైదు గంటలు ఎక్కడ కూర్చోవాలో తెలియక, అక్కర్లేని మాల్‌లో ఏసీ కోసం తిరగాలి. పిల్లలు, అరవై దాటినవాళ్లు వెంట ఉంటే నేను ఈ ఒక్కదాని మీదే నిర్ణయిస్తాను.

మరి మెట్రో సంగతి? ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా 33.5 కిలోమీటర్లు, విమానాశ్రయం రెండు టెర్మినళ్ల దగ్గరా స్టేషన్లున్నాయి. సిద్ధివినాయక్, దాదర్, సీఎస్‌ఎంటీ, చర్చ్‌గేట్ అన్నీ ఈ దారిలోనే. దీంతో అంధేరీ విలువ పెరిగిందని అందరూ అంటారు. నాకు మాత్రం దీనికి ఉల్టాగా కనిపిస్తుంది. ఈ లైన్ అంధేరీ స్టేషన్‌కు వెళ్లదు, తూర్పున మరోల్ నాకా, ఎంఐడీసీ, సీప్జ్ మీదుగా పోతుంది. అంధేరీ వెస్ట్‌లో రూమ్ తీసుకుంటే వెర్సోవా–ఘాట్‌కోపర్ మెట్రో లైన్ ఎక్కి మరోల్ నాకాలో మారాలి. ఇక ఫోర్ట్ వైపు చూస్తే, అక్కడ దిగడానికి జనం వెనకాడిందే విమానాశ్రయం నుంచి సామానుతో టాక్సీలో గంటన్నర ట్రాఫిక్ అని. ఇప్పుడు రెండో టెర్మినల్ దగ్గర మెట్రో ఎక్కితే గంటలోపే సీఎస్‌ఎంటీ. మెట్రో అంధేరీకి ఇచ్చినదానికన్నా ఫోర్ట్‌కు తీర్చిన కొరతే పెద్దది. రైల్లో వచ్చేవాళ్లకైతే ఈ బాధే లేదు. హుస్సేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ సీఎస్‌ఎంటీ దాకా వస్తాయి, స్టేషన్ బయటికొస్తే ఫోర్టే. లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు వచ్చే రైలైతే మాత్రం అది కుర్లా దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి మళ్లీ టాక్సీయో, లోకలో.

దక్షిణంలో దిగాలనుకున్నాక ఫోర్టా, కొలాబానా అన్నది చిన్న ప్రశ్న. కొలాబాలో గేట్‌వే పక్కనే, బజారు సందడి రాత్రి దాకా ఉంటుంది. దాంతోపాటే గైడులు, అమ్మేవాళ్లు వెంటపడటమూ ఉంటుంది. లోకల్ స్టేషన్ లేదు. ఫోర్ట్ పగలు ఆఫీసు జనంతో కిక్కిరిసి, రాత్రి ఎనిమిదింటికల్లా సద్దుమణుగుతుంది. ఆదివారం షట్టర్లన్నీ దించి ఉంటాయి, టీ కోసం రెండు వీధులు నడవాలి. నాకు ఆ నిశ్శబ్దమే నచ్చుతుంది. గేట్‌వే నుంచి సీఎస్‌ఎంటీ దాకా నడిస్తే అరగంట, దారి పొడుగునా పాత రాతి భవనాలే. సీఎస్‌ఎంటీ 2004లో, ఓవల్ మైదానం చుట్టూ ఉన్న విక్టోరియన్, ఆర్ట్ డెకో భవనాలు 2018లో యునెస్కో జాబితాలో చేరాయి. టికెట్ లేకుండా చూడగలిగేవి ఇవే, పొద్దున ఆరున్నరకు ఖాళీ రోడ్ల మీద చూస్తే ఆ అందమే వేరు.

ఫోర్ట్‌లో గది బుక్ చేసేముందు హోటల్‌కు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. గదికి కిటికీ ఉందా? బాత్‌రూమ్ లోపలే ఉందా, అందరికీ కలిపా? లిఫ్ట్ కింది నుంచి ఉందా, లేక ఒక అంతస్తు ఎక్కాక మొదలవుతుందా? పాత భవనాల్లో ఒకటీ రెండూ అంతస్తులు అద్దెకు తీసుకుని నడిపే హోటళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, ఫొటోల్లో ఈ మూడూ కనిపించవు.

దాదర్ మధ్యేమార్గం. వెస్టర్న్, సెంట్రల్ లైన్లు రెండూ కలిసే చోటు, సిద్ధివినాయక్ దగ్గర, పక్కనే మాటుంగాలో ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి. ఆంధ్ర మహాసభ కూడా దాదర్‌లోనే. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఫోర్ట్ గురించి ఆలోచించనే వద్దు, దాదర్, పరేల్ చుట్టుపక్కలే చూసుకోవాలి. రోగితో రోజూ చేసే ప్రయాణం ఎంత చిన్నదైతే అంత మేలు. ఊరు చూడ్డానికైతే మాత్రం దాదర్ నాకు పెద్దగా ఎక్కదు. రైలు వంతెనల మీద సామానుతో నడవడం పరీక్షే, గట్టి వానకు హింద్‌మాతా దగ్గర నీళ్లు నిలుస్తాయి. వానల మాటకొస్తే అంధేరీ సబ్‌వే కూడా అంతే. జూలైలో వెళ్లేవాళ్లు ఎక్కడ దిగినా ఒక పూట గదిలోనే గడపడానికి సిద్ధపడాలి, ఎలిఫెంటా బోట్లూ ఆగిపోవచ్చు.

బాంద్రా కుర్రాళ్లకు బాగుంటుంది, గది రేట్లు కుర్రాళ్లకు బాగుండవు. నవీ ముంబైలోని వాశిలో చౌక, కానీ సముద్రపు పాయ దాటి రోజూ రాకపోకలంటే టూరు సగం హార్బర్ లైన్ లోకల్‌లోనే అయిపోతుంది. 2025 డిసెంబరు నుంచి నవీ ముంబై విమానాశ్రయంలోనూ విమానాలు దిగుతున్నాయి. టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూసుకుని మిగతా లెక్క వేసుకోండి.

ఎలిఫెంటా గుహలు సోమవారం మూసి ఉంటాయి కాబట్టి ఫోర్ట్‌లో గడిపే రోజుల్లో సోమవారం కాకుండా ఒక పొద్దు ఉండేలా తేదీలు సర్దుకోండి. తిరుగు విమానం తెల్లవారుజామున అయితే ఆ వేళకు మెట్రో మొదలుకాదు. అప్పుడు చివరి రాత్రి ఒక్కటీ మరోల్ నాకా వైపు గది తీసుకుని, ముందురోజు మధ్యాహ్నం, జనం ఇంకా ఇళ్లకు బయల్దేరకముందే సామానుతో పైకి వెళ్లిపోండి.