తై చీ తరగతికి ఫీజు కట్టబోయేవాళ్లకు ఒక జాగ్రత్త

యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు గేటు దగ్గర పొద్దున్నే ఒకబ్బాయి కరపత్రం చేతిలో పెట్టాడు: ‘తై చీ: మోకాళ్లకు బలం, మూడు నెలల్లో ఆత్మరక్షణ’. నాకు 58 ఏళ్లు. మెట్లు దిగుతుంటే కాలు తడబడుతోంది. పెద్ద వయసులో తూలి పడకుండా ఉండటానికి, నెమ్మదిగా కదులుతూ చేసే ఈ చైనా సాధన తై చీ పనికొస్తుందని మా డాక్టరు కూడా అన్నారు. ఆ మాట నిజమే. మోసమల్లా నేను చేరిన చోటే జరిగింది.

ఆరు నెలల ఫీజు 18,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. రసీదు అడిగితే ‘ఫోనులో మెసేజ్ వచ్చింది కదమ్మా’ అన్నారు.

మొదటి రోజు గురువుగారు తాకకుండానే ‘చీ శక్తి’తో ఒక శిష్యుణ్ణి నాలుగడుగులు వెనక్కి పడేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా ముందు చేతులు ఊపారు. నేను గుంజలా నిలబడే ఉన్నాను. ‘మీ మనసు మూసుకుపోయింది’ అన్నారు. ‘తై చీ’లోని చీ, ప్రాణశక్తి అనే చీ చైనా భాషలో వేర్వేరు మాటలని తర్వాత తెలిసింది. నాకైతే తెలుగు ‘ఛీ’ గుర్తొచ్చింది.

కొత్తవాళ్లకు సాధారణంగా నేర్పేది 1956లో చైనాలో, తై చీలోని యాంగ్ అనే పద్ధతి నుంచి కుదించిన 24 భంగిమల వరస. నిదానమే ప్రాణమైన ఆ వరసను మా చేత పది రోజుల్లో పూర్తి చేయించారు. పైగా ఒంటి బరువంతా మోస్తున్న పాదాన్నే గిర్రున తిప్పమన్నారు. బరువును రెండో కాలి మీదికి మార్చి, ఖాళీ అయిన కాలినే తిప్పాలని, మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల దిక్కునే ఉండాలని ఫిజియోథెరపిస్టు చెప్పేసరికి నా కుడి మోకాలు కొబ్బరికాయలా వాచింది.

ఇక ఆత్మరక్షణ. తై చీ యుద్ధవిద్యే, కాదనను. అయితే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు ఆనించి, అవతలివారి ఒత్తిడిని పసిగట్టే సాధన ఏళ్ల తరబడి చేయాలి. మమ్మల్ని ఒక్కరోజైనా జంటగా నిలబెట్టలేదు. గొలుసు దొంగ వస్తే వాడి ముందు ‘మబ్బుల చేతులు’ భంగిమ పట్టాలా?

డబ్బు తిరిగి అడిగితే ‘ఇంకొకరిని చేర్పించండి, సర్దుతాం’ అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరు చేరేముందు ఒక తరగతి కూర్చుని చూస్తానని అడగండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. నెల ఫీజుకు మించి కట్టకండి. మోకాలి నొప్పి ఉందంటే తక్కువ వంగమంటారో, ‘అదే పోతుంది’ అంటారో గమనించండి.

నిన్న కూడా గేటు దగ్గర కరపత్రాలు పంచుతున్నారు. ఇప్పుడు ఆత్మరక్షణకు రెండు నెలలు చాలట.